నంది కొమ్ములు, దున్న కొమ్ములు

శివాలయంలో లింగాన్ని నేరుగా చూడరు. నంది పక్కన వంగి, కుడిచేయి దాని వెనకభాగాన ఆనించి, ఎడమచేతి బొటనవేలినీ చూపుడువేలినీ రెండు కొమ్ముల మీద ఉంచి, ఆ సందులోంచి గర్భగుడిలోకి చూపు సారిస్తారు. దీనికి శృంగదర్శనమని పేరు. శివపార్వతులు ఒకే పీఠం మీద కొలువైన ఘంటసాల జలధీశ్వరాలయంలోనైనా, బందరు, గుడివాడ వీధుల్లోని చిన్న గుళ్లలోనైనా పద్ధతి ఇదే. చేసేవారిలో చాలామంది పెద్దలు చేశారు కనుక చేస్తారు. కారణం అడిగితే పూజారి వైపు చూస్తారు.

పౌరాణికులు చెప్పే కారణాల్లో రెండు ముఖ్యమైనవి. శివుడి తేజస్సును మామూలు కన్ను తట్టుకోలేదు కనుక నంది అనుమతితో, నంది ఇచ్చిన మేరకే చూడాలన్నది మొదటిది. నంది ధర్మానికి రూపం, ధర్మం మీదుగా తప్ప దైవం కనిపించదన్నది రెండోది. భాగవతం ప్రథమ స్కంధంలో ధర్మం ఎద్దు రూపంలోనే ఎదురవుతుంది. తపస్సు, శౌచం, దయ, సత్యం దాని నాలుగు కాళ్లు. కలికాలంలో సత్యం ఒక్కటే మిగిలి ఆ ఎద్దు కుంటుతుంది. కనుక రెండో కారణానికి పురాణబలం ఉంది. అయితే ఈ రెండూ ఎద్దు గురించి చెబుతాయే గాని కొమ్ము గురించి చెప్పవు. ఎద్దుకు మూపురం ఉంది, గంగడోలు ఉంది, కాళ్లున్నాయి. అవన్నీ వదిలి, ప్రాణం తీయగల అవయవం నడుమ నుంచే దేవుణ్ణి చూడమనడం ఎందుకు?

జవాబు నంది కూర్చున్న తీరులోనే ఉన్నట్టుంది. కాళ్లు ముడుచుకుని పడుకున్న ఎద్దు పొడవదు. కొమ్ములు వాడిగానే ఉన్నాయి, వాటి పని మాత్రం ఆగిపోయింది. బలం లేనివాడి సాధుత్వం కంటే బలముండీ అణచుకున్నవాడి సాధుత్వానికి శైవం ఎక్కువ విలువ ఇచ్చింది. పొడవని కొమ్ముల మధ్య ఖాళీ అయిన చోటే దర్శనానికి దారి అయింది. ఇంతవరకు ఆలోచన సాఫీగానే సాగుతుంది.

చిక్కు దున్నపోతు దగ్గర మొదలవుతుంది. దానికీ రెండు కొమ్ములున్నాయి, ఎద్దు కొమ్ముల కంటే పొడుగైనవి. ఒంగోలు జాతి ఎద్దుకు కొమ్ములు పొట్టివి, మొదట్లో లావుపాటివి. దున్నకు వెనక్కి వంగి, మెడ దాకా వస్తాయి. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయి, కాలువలు పారి, డెల్టా అంతా మాగాణి అయ్యాక ఈ నేలను దున్నింది ఒక్క ఎద్దు కాదు. మోకాటి లోతు బురదలో దమ్ము చేయడానికి దున్నపోతునూ కట్టారు. నీళ్లలో దానికున్న ఓపిక ఎద్దుకు లేదు. ఒకే పొలం, ఒకే కాడి, ఒకే రైతు. గుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకటి శివుడి ఎదుట కూర్చుంది, ఇంకొకటి గ్రామదేవత ఎదుట తల వాల్చింది.

ఆ తల వాల్చిన తీరును 20వ శతాబ్ది తొలినాళ్ల పరిశీలకులు వివరంగా రాసిపెట్టారు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లో అచ్చువేసిన దక్షిణాది గ్రామదేవతల పుస్తకంలో, అంతకు ఏడాది ముందు వచ్చిన డబ్ల్యూ.టి. ఎల్మోర్ గ్రంథంలో తెలుగు పల్లెల దున్నపోతు బలి వర్ణన ఉంది. దేవరపోతుగా ఊరి మీద వదిలిన దున్నను జాతరనాడు తెచ్చి నరుకుతారు. తలను అమ్మవారి ముందు పెట్టి, ముందరికాలు నోటికి అడ్డంగా ఉంచి, కొవ్వు పూసి, తల మీద దీపం వెలిగిస్తారు. దేవరపోతు ఊళ్లో తిరిగినన్నాళ్లూ ఎవరి చేలో పడ్డా అదిలించరు, కొట్టరు. బతికున్నప్పుడు ఆ కొమ్ములకు దక్కిన స్వేచ్ఛ ఊళ్లో మరే పశువుకూ లేదు. 1950లో మద్రాసు రాష్ట్రం జంతుబలిని నిషేధిస్తూ చేసిన చట్టం ఆంధ్ర ప్రాంతానికీ వర్తించింది. ఆ తరువాత చాలా ఊళ్లలో దున్న స్థానంలోకి గుమ్మడికాయ, కొబ్బరికాయ, కోడి వచ్చాయి.

బలికి కారణంగా ఆ ఇద్దరూ నమోదు చేసిన కథ ఒకటి తెలుగు నేల మీద విస్తృతంగా ఉండేది. అంటరానివాడిగా లెక్కించే కులంలో పుట్టినవాడు బ్రాహ్మణుడినని నమ్మించి ఒక బ్రాహ్మణ కన్యను పెళ్లాడతాడు. నిజం తెలిసిన ఆమె అగ్నిలో దూకి దేవతగా లేస్తుంది. అతడు దున్నగా పుడతాడు. ఏటేటా ఆమె ముందు తల ఇస్తాడు. మహిషాసురమర్దని కథను ఊరు తన సొంత కులవ్యవస్థకు అనువదించుకున్న రూపమిది. ఇందులో దున్న చేసిన నేరమల్లా గీత దాటడమే. నందికీ దున్నకూ ఉన్న తేడా కొమ్ముల్లో లేదని, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలన్న మనుషుల నిర్ణయంలో ఉందని ఈ కథ తనకు తెలియకుండానే ఒప్పుకుంటుంది.

శ్రౌతంలోనూ, అంటే వైదిక యాగాల విధుల్లోనూ, ఇలాంటి మనుషుల నిర్ణయం ఉంది. సోమయాగ దీక్షలో ఉన్న యజమాని గోళ్లతో ఒళ్లు గోక్కోకూడదు. నల్లజింక కొమ్ముతోనే గోక్కోవాలి. కృష్ణవిషాణమనే ఆ కొమ్మును బట్టకు కట్టుకుని ఉంటాడు, దక్షిణలు ఇచ్చాక చాత్వాలమనే గుంటలో వదిలేస్తాడు. యజ్ఞానికీ దక్షిణకూ జరిగిన సంగమం నుంచి ఇంద్రుడు పుట్టి, తన తరువాత మరొకడు పుట్టకుండా ఆ గర్భాన్నే పెరికి జింక మీద పెట్టాడని, అదే ఈ కొమ్మయిందని తైత్తిరీయ సంహిత చెబుతుంది. చచ్చిన పశువు చర్మం ముట్టిన చేతిని మైల అన్న సమాజమే యాగశాలలో జింక చర్మం మీద కూర్చుంది, జింక కొమ్ము నడుముకు కట్టుకుంది. బాలకాండలో దశరథుడికి పుత్రకామేష్టి చేయించిన ఋష్యశృంగుడు తలమీద కొమ్ముతోనే పుట్టినవాడు. కొమ్ము మృగత్వానికి గుర్తే అయితే ఆ మృగత్వం ఆయన యోగ్యతకు అడ్డు రాలేదు.

ఒక కొమ్ము పవిత్రమై ఇంకొకటి ఎందుకు కాలేదన్న ప్రశ్నను శాస్త్రకారులు నేరుగా ఎత్తుకోలేదు. అయినా కొమ్మును వారు ఎంత తరచుగా ఉదాహరణగా తీసుకున్నారంటే, ఆ ఉదాహరణలను పక్కపక్కన పెడితే జవాబు దాదాపు సిద్ధంగా కనిపిస్తుంది. కణాదుడి వైశేషిక సూత్రాల్లో ఆవును గుర్తుపట్టే ఆనవాళ్లు వరసగా ఉన్నాయి: కొమ్ములు, మూపురం, తోక చివర కుచ్చు, గంగడోలు. తరువాతి తార్కికులు ఈ జాబితాను జల్లెడ పట్టారు. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం, దానికి ఆయనే రాసుకున్న దీపిక భారతదేశమంతటా తర్కానికి తొలి పాఠాలు. లక్షణం చెప్పడంలో వచ్చే మూడు దోషాలకు అందులో ఆవే ఉదాహరణ. కపిల వర్ణం ఆవు లక్షణమంటే తెల్లావు జారిపోతుంది, అది అవ్యాప్తి. ఒంటి గిట్ట ఉండటం అంటే ఏ ఆవుకూ సరిపోదు, అది అసంభవం. కొమ్ములుండటం అంటే గేదె కూడా ఆవైపోతుంది, అది అతివ్యాప్తి. చివరికి నిలిచేది గంగడోలు ఒక్కటే.

పాఠశాలలో ఇది లక్షణదోషానికి ఒక ఉదాహరణ మాత్రమే. గుడి ముందు నిలబడి చదివితే వేరుగా వినిపిస్తుంది. కొమ్ములను చూసి ఆవునూ గేదెనూ విడదీయడం కుదరదని తర్కం తేల్చింది. అలాంటప్పుడు ఒక జత కొమ్ములకు పవిత్రతను, ఇంకో జతకు మృత్యువును అంటగట్టడానికి పశువు ఒంట్లో ఆధారమేదీ లేదు. యముడి వాహనం, మహిషుడి రూపం అన్న పేర్లు దున్నకు బయటి నుంచి వచ్చినవే.

కొమ్ముల జత మీద గౌడపాదుడు వేసిన ప్రశ్న ఇంకా లోతైనది. కారణం, కార్యం ఒకేసారి పుడితే వాటిమధ్య కార్యకారణ సంబంధమే ఉండదని, కొమ్ములు జతగా మొలుస్తాయి గాని ఒకదాన్ని ఇంకొకటి పుట్టించదని మాండూక్య కారికల అలాతశాంతి ప్రకరణంలో వాదిస్తాడు. అద్వైతులకు ప్రియమైన ఇంకో కొమ్ము కుందేటిది. శంకరుడి తైత్తిరీయ భాష్యంలో ఎండమావిలో స్నానం చేసి, ఆకాశపుష్పం తలలో తురుముకుని, కుందేటి కొమ్ము విల్లు పట్టుకుని వెళ్లే గొడ్రాలి కొడుకు కనిపిస్తాడు. వేదాంతం ఇక్కడ మూడు మెట్లు కట్టింది. ఎప్పటికీ తోచనిది కుందేటి కొమ్ము, అది తుచ్ఛం. తోచి, తెలివి వచ్చాక తొలగేది తాడులో పాము, అది మిథ్య. ఎన్నటికీ తొలగనిది బ్రహ్మం. ఈ కొలతతో చూస్తే నందికీ దున్నకూ ఉన్న భేదం కుందేటి కొమ్ము కాదు. అది తోస్తుంది, మనుషుల చేత పనులు చేయిస్తుంది, తలలు నరికిస్తుంది. అది తాడులో పాము.

భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాలు కట్టిన బౌద్ధానికి కొమ్ము మరో రకంగా పరిచయం. బౌద్ధుల అతి ప్రాచీన పాఠాల్లో ఒకటైన సుత్తనిపాతంలోని ఖగ్గవిసాణ సుత్తం భిక్షువును ఖడ్గమృగం కొమ్ములా ఒంటరిగా తిరగమంటుంది. జతలేని కొమ్ము అక్కడ సంగాన్ని వదిలినవాడికి గుర్తు. అద్వైతి జత కొమ్ములతో కారణవాదాన్ని కొట్టేస్తే, భిక్షువు ఒంటి కొమ్ముతో సంసారాన్నే వదిలాడు. రెండూ పుస్తకాల్లో చక్కగా ఉన్నాయి. కాడి కట్టే రైతుకు మాత్రం జతే కావాలి.

అన్నంభట్టు ఆవుకు వేసిన ప్రశ్నను మనిషికి వేసినది గొల్లకలాపం. మొవ్వకు దగ్గర్లోని కూచిపూడి కళాకారుల కోసం 19వ శతాబ్దిలో భాగవతుల రామయ్య రచించినట్టు చెప్పే ఈ కలాపంలో చల్లలమ్మే గొల్లభామ ఒక బ్రాహ్మణుడితో వాదానికి దిగుతుంది. యజ్ఞమంటే ఏమిటి, బ్రాహ్మణ్యానికి గుర్తేది, పుట్టుకా జ్ఞానమా అని అడుగుతుంది. పిండోత్పత్తి క్రమం తానే వివరిస్తుంది. అందరూ ఒకేలా గర్భంలో పెరిగి పుట్టినప్పుడు పుట్టుకను లక్షణంగా చెప్పడం అతివ్యాప్తి కాక ఏమిటి? ఆమె ఆ శాస్త్రపదం వాడకపోయినా వాదం అదే. భామాకలాపానికి దక్కిన ఆదరణలో పదోవంతు కూడా దీనికి దక్కకపోవడం కూచిపూడి రంగస్థలానికి లోటే.

కొమ్ము పశువు తల దిగాక నాదంగా మరో జన్మ ఎత్తుతుంది. ఋగ్వేదం నాలుగో మండలంలో నాలుగు కొమ్ములు, మూడు కాళ్లు, రెండు తలలు, ఏడు చేతులున్న వృషభం రంకె వేస్తుంది. యాస్కుడు దాన్ని యజ్ఞమన్నాడు, నాలుగు వేదాలు కొమ్ములన్నాడు. పతంజలి మహాభాష్యంలో అది వాక్కు. నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం కొమ్ములు; మూడు కాలాలు కాళ్లు; ఏడు విభక్తులు చేతులు; అది కట్టుపడి ఉన్నది రొమ్ములో, గొంతులో, తలలో. వ్యాకరణవేత్త ఊహగా చెప్పినదాన్ని పశులకాపరి చేసి చూపించాడు. కొమ్ము కొన కోసి ఊదితే అది మాట్లాడింది.

కొమ్ముబూర తొలుత నిజంగా పశువు కొమ్మే. తరువాత రాగి, ఇత్తడి రేకులతో, ముక్కలుగా చేసి అతికించి, అర్ధచంద్రంలానో పాములానో వంపు తిప్పి చేశారు. దానికి వేళ్లతో మూసే రంధ్రాలు లేవు. పెదవుల బిగువు, ఊపిరి ఒత్తిడి ఎంతుంటే అంత స్వరం: ఆధారస్వరం, దాని పై పంచమం, తారస్థాయి, ఇంకొన్ని. గమకాలతో రాగాలాపనకు అది లొంగదు. శాస్త్రీయ కచేరీ దాన్ని పక్కన పెట్టడానికి ఇదొక న్యాయమైన కారణం. ఇదొక్కటే కారణం కాదని కేరళను చూస్తే తెలుస్తుంది. అక్కడ ఇదే కొమ్ము పంచవాద్యంలో గౌరవమైన వాద్యం, త్రిశూర్ పూరంలో వరసలు కట్టి వినిపిస్తుంది. తెలుగు నేల మీద డప్పుతో పాటు జాతరల్లో, ఊరేగింపుల్లో గుడి బయటే ఉండిపోయింది. ఊదేవారు ఎక్కువగా అంటరానివారిగా లెక్కించిన కులాలకు చెందినవారు కావడం రెండో కారణం. దేవత రథం కదలడానికి వారి ఊపిరి కావాల్సి వచ్చింది, గుడిలోకి మాత్రం వారు రాకూడదన్నారు.

ఈ వాద్యం పేరే వృత్తి పేరైన కొమ్మువారు గొల్లలకు కాటమరాజు కథ చెబుతారు. 13వ శతాబ్దపు నెల్లూరి పాలకుడు నల్లసిద్ధికీ, ఆలమందలతో మేత కోసం దక్షిణానికి వచ్చిన కాటమరాజుకూ పుల్లరి అనే మేత పన్ను దగ్గర తగాదా వచ్చి, ఎర్రగడ్డపాటి యుద్ధం దాకా సాగడం దాని ఇతివృత్తం. తంగిరాల వెంకట సుబ్బారావు ఆ కథలను సేకరించి, పరిష్కరించి అచ్చువేయించారు. పశువును కాసేవాడికి, పశువు కోసం చచ్చినవాడికి స్మృతిగా పశువు కొమ్మే మోగడం ఈ సంప్రదాయంలోని గొప్ప ఔచిత్యం.

మొవ్వ వేణుగోపాలుడి దగ్గర ఆ ఔచిత్యం తప్పింది. భాగవతం దశమ స్కంధంలో చల్దులు తినడానికి కూర్చున్న బాలకృష్ణుడి దగ్గర వేణువు ఒక్కటే కాదు, కొమ్ముబూర కూడా ఉంటుంది. వేణువు నడుముకు కట్టిన బట్టలో దోపి, కొమ్మునూ కర్రనూ ఎడమచంకలో ఇరికించుకుంటాడు. పోతన ఆ పద్యంలో కొమ్మును వదల్లేదు. శిల్పులు వదిలేశారు. మొవ్వలోనూ, కృష్ణ సాగరంలో కలిసే హంసలదీవిలోనూ స్వామి వేణుగోపాలుడే. కొమ్ము పట్టిన గోపాలుడు గర్భగుళ్లలో కనిపించడు. మందను కేకేసి మళ్లించడానికి వేణువు చాలదని పశులకాపరులందరికీ తెలుసు. మొవ్వ గోపాలుడి మీది క్షేత్రయ్య పదాలకు వేణువు సరిపోతుంది, పనికి కొమ్ము కావాలి. దైవం చేతిలో ఏది ఉండాలో నిర్ణయించినది శృంగారరసం, పశుపాలన కాదు. కొమ్ము మోత జనం నోళ్లలో కూడా చులకనైంది. జీలకర్ర పడవలు వచ్చేటప్పుడు శృంగనాదం చేసేవారట, ఏదో ముప్పని పరుగెత్తిన జనం చివరికి జీలకర్రేనా అనుకున్నారట. పనికిరాని మాటను ‘సింగినాదం జీలకర్ర’ అని తీసిపారేయడానికి చెప్పే కథ ఇది.

కొమ్ముకు మళ్లీ గౌరవం వచ్చిన చోటు ఊహించనిది. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరు చేరి చర్చి మిషనరీ సొసైటీ పని మొదలుపెట్టారు. 1843లో నోబుల్ పాఠశాల వెలసింది. తరువాతి దశాబ్దాల్లో డెల్టాలోని మాల, మాదిగ కుటుంబాలు వేలుగా క్రైస్తవంలోకి వెళ్లాయి. జాతర వాద్యాన్ని చాలామంది విడిచిపెట్టారు. కాని చేతికి వచ్చిన తెలుగు బైబిలులో కొమ్ముబూర ఎదురుచూస్తూనే ఉంది. యెరికో గోడలు కూలింది పొట్టేలుకొమ్ము బూరల మోతకే. బలిపీఠానికి నాలుగు మూలలా కొమ్ములున్నాయి. కీర్తనల్లో దేవుడే రక్షణ శృంగం. యూదులు నేటికీ కొత్త సంవత్సరం రోజున షోఫార్ అనే పొట్టేలు కొమ్ము ఊదుతారు. ఆవు కొమ్ము మాత్రం పనికిరాదని వారి ధర్మశాస్త్రం. బంగారు దూడను పూజించిన పాపాన్ని అది గుర్తుచేస్తుందని రబ్బీలు చెప్పిన కారణాల్లో ఒకటి. ఇక్కడ ఆవు కొమ్ము పవిత్రం, దున్నది కాదు. అక్కడ పొట్టేలుది పవిత్రం, ఆవుది కాదు. తాడు ఒకటే, పాము ఊరూరికీ మారింది.

పురాణాల్లో పొడవనిదీ మోగనిదీ అయిన కొమ్ము ఒకటుంది. మత్స్యావతారంలో సత్యవ్రతుడు ప్రళయజలాల్లో తన పడవను వాసుకితో చేప కొమ్ముకు కట్టి, సప్తర్షులతో, విత్తనాలతో బతికి బయటపడతాడు. శతపథ బ్రాహ్మణంలోని మనువు కథలోనూ పడవ తాడు పడేది చేప కొమ్ముకే. చేప పేరున మచిలీపట్నమని కూడా పిలిచే బందరులో ఈ కథకు ప్రత్యేకమైన బరువు ఉంది. 1864 నవంబరు 1న ఉప్పెన ఈ పట్నాన్ని ముంచి సుమారు 30 వేల మందిని బలి తీసుకుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెనలో వేలాది మనుషులు, లెక్కకు మించిన పశువులు పోయాయి. రోజుల తరబడి పశువుల కళేబరాలను తొలగించడమే పెద్ద పని అయింది. ప్రళయం తెచ్చే దేవుడే కొమ్ము చాచి ఒక్క పడవను కాపాడటం భక్తుడికి కరుణ. తాడు అందని పడవల సంగతి పురాణం చెప్పదు. ఆ మౌనాన్ని కర్మతో పూడ్చే వ్యాఖ్యానాలు దివిసీమ ముందు నిలవవు.

పవిత్రతకూ మైలకూ కొమ్ము గుర్తు కాని రోజు డెల్టాలో ఏడాదికి ఒకటుంది. కనుమనాడు పశువులను కాలువలో కడిగి, కొమ్ములకు నూనె రాసి, రంగులు పూస్తారు. కలిగినవారు ఇత్తడి కుప్పెలు తొడుగుతారు, మెడలో గజ్జెల పట్టెడలు కడతారు. పురోహితుడు ఉండడు, మంత్రం ఉండదు. పాకలో ఉన్నది ఎద్దయినా, ఆవయినా, గేదె అయినా, దున్న అయినా రంగు డబ్బా ఒకటే. సాలంతా చేసిన చాకిరీ తప్ప అక్కడ వేరే అర్హత చూడరు. శాస్త్రం చదవకుండానే అన్నంభట్టు పాఠాన్ని పాటించిన పండుగ ఇదొక్కటే అనవచ్చు. శృంగదర్శనానికీ బలికీ లేని సమబుద్ధి ఈ పనిపాటల ఆచారానికి ఉంది. ధర్మం విషయంలో గుడి కంటే పశువుల పాక ముందుంది.

ఇప్పుడు దమ్ము ట్రాక్టరు చేస్తోంది. సంక్రాంతికి బండలాగుడు పోటీల కోసం పెంచే ఒంగోలు గిత్తలు గుడివాడ వైపు కనిపిస్తాయి గాని అరక కట్టే ఎద్దులు తగ్గిపోయాయి, దున్నపోతులు ఇంకా తగ్గిపోయాయి. డెల్టా పల్లెల్లో ఇంటి ముందు కట్టివున్నది ఎక్కువగా పాలగేదె. కనుమ రంగు ఇప్పుడు ఎక్కువగా పడుతున్నది దాని కొమ్ములకే.